మోతాదు మార్చే ముందు మాత్రల వేళ చూడండి

దేవరకొండ దగ్గర ఒక పల్లె బడిలో పాఠాలు చెప్పే 38 ఏళ్ల ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆవిడ రాసింది క్లుప్తంగా ఇదీ: ఎనిమిది నెలలుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 75కు, తర్వాత 100కు పెంచారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు రక్తంలో పెరిగే అంకె) 14 నుంచి 9 దాకా దిగి అక్కడే ఆగిపోయింది. 100కు పెంచినప్పటి నుంచి బడి మెట్లు ఎక్కితే గుండె దడ. హిమోగ్లోబిన్ 8.7, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. నీరసం తగ్గలేదు, జుట్టు ఊడుతూనే ఉంది. ఇంతలో మేనల్లుడు ఫోనులో ఏదో చదివి, "అత్తా, మీకు అడ్రినల్ అలసిపోయింది. ఐరన్ కూడా తక్కువ. ఈ స్థితిలో థైరాయిడ్ మాత్ర ఒంటికి పడదు. సగం చేసి ఈ పొడి వాడండి" అన్నాడట. సగం చేయాలా, మానేయాలా, ఇంకా పెంచాలా అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా, ఈ మూడూ ఇప్పుడు వద్దు. మీ మేనల్లుడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది కాబట్టే కొట్టిపారేయకుండా ఇంత రాస్తున్నాను. ఐరన్ తక్కువైనా, అడ్రినల్ గ్రంథి నిజంగా దెబ్బతిన్నా థైరాయిడ్ మాత్ర సరిగా పనిచేయదు, ఒక్కోసారి హాని కూడా చేస్తుంది. అయితే ఈ రెండూ ఒకే రకం సమస్యలు కావు. ఒకదానిలో మాత్ర వేళ మారాలి. రెండోదానిలో మందుల వరుస మారాలి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం చివరన, ఏదో గుర్తొచ్చినట్టు రాసినది. ఐదుంపావుకు థైరాయిడ్ మాత్ర, పది నిమిషాల్లో టీ, పావు తక్కువ ఏడుకు జొన్న రొట్టె తిని దాంతోపాటే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, ఏడుంపావుకు బస్సు. రిపోర్టుల కన్నా నాకు అసలు సంగతి చెప్పింది ఈ వాక్యమే. మీ బరువు 62 కిలోలు. థైరాయిడ్ పూర్తిగా పనిచేయని మనిషికి కూడా కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున లెక్కేస్తాం. అంటే మీకు 99. మీరు వేసుకుంటున్నది 100. పూర్తి మోతాదు మింగుతున్నా టీఎస్‌హెచ్ 9 దగ్గర నిలిచిందంటే, మింగినదంతా రక్తంలోకి చేరడం లేదని మొదట అనుమానించాలి.

పేగులో ఐరన్, మీ థైరాయిడ్ మాత్రలో ఉండే లెవోథైరాక్సిన్ కలిస్తే రెండూ అతుక్కుని ముద్దవుతాయి. ఆ ముద్దను పేగు పీల్చుకోలేదు. ఇది ఊహ కాదు. 1992లో అచ్చయిన ఒక పరిశీలనలో, మోతాదు కుదిరి నిలకడగా ఉన్న 14 మందికి థైరాయిడ్ మాత్రతో పాటే ఐరన్ మాత్ర ఇచ్చి చూశారు. థైరాయిడ్ మోతాదు ముట్టుకోలేదు. 12 వారాల్లో వాళ్ల సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కు ఎక్కింది. కాల్షియం చేసే పనీ ఇలాంటిదే. టీ, కాఫీలు కొంత అడ్డుకుంటాయి. కడుపులో మంటకు పరగడుపున వేసుకునే పాంటాప్రజోల్ లాంటి మాత్రలు ఆమ్లాన్ని తగ్గించి, థైరాయిడ్ మాత్ర కరగడాన్ని మందగింపజేస్తాయి. మీకు మూడు అడ్డంకులు ఒకే ఉదయం, గంటన్నరలో వచ్చి పడుతున్నాయి.

అయితే దడ ఎందుకు? మాత్ర ఒంటికి అందకపోతే దడ రాకూడదు కదా అని మీరు అడగవచ్చు. ఆ దడలో పెద్ద భాగం మీ రక్తహీనతది. హిమోగ్లోబిన్ 8.7 ఉన్నప్పుడు గుండె ముందే ఎక్కువ చాకిరీ చేస్తుంటుంది. దాని మీద థైరాక్సిన్ కొద్దిగా అందినా, ఒళ్లంతా ఇంకాస్త ప్రాణవాయువు కావాలని అడుగుతుంది. తెచ్చి ఇచ్చే రక్తం మాత్రం పలచగా ఉంది. ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉన్న కొందరు థైరాయిడ్ మాత్రను తట్టుకోలేకపోవడం, ఐరన్ సరిదిద్దాక అదే మాత్రను హాయిగా వేసుకోగలగడం 2000లోనే వైద్య పత్రికల్లో నమోదైంది. కాబట్టి "నాకు థైరాయిడ్ మాత్ర పడదు" అనే నిర్ణయానికి రాకండి. దడ నిద్రలో కూడా వస్తున్నా, నాడి నిమిషానికి 110 దాటుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా ఆగకుండా వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గుండె జబ్బు ఉన్నవాళ్లకూ, 60 దాటినవాళ్లకూ మేము 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచేది ఈ భయంతోనే.

ఇక వేళలు. థైరాయిడ్ మాత్ర ఐదుంపావుకే ఉంచండి, మంచినీళ్లతో మాత్రమే. టీ ఆరు గంటలకు. వేళ్లతో లెక్కపెట్టి నలభై ఐదు నిమిషాలు. రొట్టె మామూలుగా తినండి. ఐరన్‌కూ థైరాయిడ్ మాత్రకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. మీకు అనువైన వేళ బడి వదిలాక, నాలుగు గంటలకు. మధ్యాహ్నం తిన్న అన్నం అప్పటికి అరిగి ఉంటుంది. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఐరన్ బాగా పడుతుంది. ఆ పూట టీ మాత్రం ఐదు దాటాకే. స్టాఫ్ రూములో టీ గ్లాసు చేతికి అందుతూనే ఉంటుందని నాకు తెలుసు, అయినా వద్దనండి. కాల్షియం రాత్రి అన్నం తిన్నాక. కాల్షియాన్నీ ఐరన్‌నూ కూడా కలిపి మింగకూడదు, అవి ఒకదానికొకటి అడ్డు. తెల్లవారుజామున కుదరనివాళ్లు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు, అదీ బాగానే పనిచేస్తుంది. కానీ మీకు రాత్రి కాల్షియం ఉంది కనుక ఆ దారి వద్దు.

ఐరన్ మాత్ర పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి మోసపోవద్దు. అందులో అసలు ఇనుము ఎంతో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాములు. బజారులో దొరికే ఫెరస్ ఆస్కార్బేట్ మాత్రల్లో చాలావాటిలో 100. రోజూ వేసుకుంటే కడుపులో తిప్పుతోందంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. ఇది కడుపును బుజ్జగించడానికి చెప్పే మాట కాదు. ఒక పూట ఐరన్ పడగానే కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని వదిలి, ఇంచుమించు ఒక రోజంతా తర్వాతి ఐరన్‌ను పేగు దగ్గరే ఆపుతుంది. అందుకని విడిచి విడిచి వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఒంటబడుతుంది. మలం నల్లగా వస్తే భయపడకండి. నెల రోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే మాత్ర బ్రాండు మార్చే పని పెట్టుకోకండి, కారణం వెతకాలి. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా మరో మూడు నెలలు ఆపవద్దు, నిల్వలు నిండడానికి ఆ మూడు నెలలు పడతాయి. మాత్రలు అసలు పడనివాళ్లకు సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది. దానికి పేగులో థైరాయిడ్ మాత్రతో తగవు లేదు.

మీకు ఐరన్ ఎందుకు తగ్గింది? నెలసరి ఎన్ని రోజులు ఉంటుందో, ఎంత పోతుందో మీరు రాయలేదు. ఎవరూ రాయరు, మేమే అడగాలి. థైరాయిడ్ తక్కువైతే కొందరిలో నెలసరి ఎక్కువవుతుంది, రక్తం పోతుంది, ఐరన్ తగ్గుతుంది. థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేసుకోవడానికి వాడే ఎంజైముకు ఇనుము కావాలి కనుక, ఐరన్ తగ్గితే ఆ తయారీ కూడా కుంటుతుంది. మీ మేనల్లుడు చదివిన దాంట్లో సగం నిజం ఇదే. ఐరన్ లేకపోతే థైరాయిడ్ హార్మోనులో టీ4 (థైరాక్సిన్) అనే రకం, చురుకైన టీ3గా మారడం తగ్గుతుందన్న మాట కూడా వినే ఉంటారు. అది ఎలుకల్లో స్పష్టంగా చూపించారు. దాన్ని పట్టుకుని రివర్స్ టీ3 పరీక్షలకు డబ్బు పోయవద్దు, ఆ అంకెతో మీ మోతాదు మారదు. ఫెరిటిన్ 90 దాటేదాకా థైరాయిడ్ మాత్ర ముట్టుకోకూడదన్న మాటకూ ఆధారం లేదు. రెండు వైద్యాలూ ఒకే రోజు మొదలుపెట్టవచ్చు, ఒకే గంటలో మింగకూడదు. అంతే.

నెలసరి మామూలుగానే ఉంటే బీ12 చూడాలి, పేగులో గోధుమ పడకపోవడం చూడాలి. థైరాయిడ్ మీద సొంత ఒళ్లే దాడి చేసే జబ్బు ఉన్నవాళ్లలో ఈ రెండూ కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి. చెప్పుల్లేకుండా పొలంలో దిగేవాళ్లకు కొంకిపురుగులు. మగవాళ్లలో ఐరన్ తగ్గితే నేను మొదట మొలలు, కడుపులో పుండు అడుగుతాను.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, దీన్ని డాక్టర్లు కూడా మరిచిపోతుంటారు. ఐరన్ దూరం జరపగానే అదే 100 మైక్రోగ్రాములు మునుపటికన్నా ఎక్కువగా ఒంటబడతాయి. మిర్యాలగూడ నుంచి ఒకావిడ 150 మైక్రోగ్రాములతో వచ్చారు. బరువు 50 కిలోలు. టీఎస్‌హెచ్ దిగనప్పుడల్లా మాత్ర పెంచుకుంటూ పోయారు, ఐరన్ సంగతి ఎవరూ అడగలేదు. నేను అడిగి, వేళలు వేరు చేసి, మోతాదు మాత్రం అలాగే వదిలేశాను. రెండు నెలలకు వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, టీఎస్‌హెచ్ 0.05. తప్పు నాదే. వేళ మార్చిన రోజే ఎనిమిది వారాల తర్వాతి పరీక్ష తేదీ రాసి ఇవ్వాలని, బరువుకు మించిన మోతాదు ఉంటే అప్పుడే కొంత తగ్గించాలని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను. అంతకు ముందే పరీక్ష చేయించినా ఉపయోగం ఉండదు. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, టీఎస్‌హెచ్ స్థిరపడడానికి ఆరు వారాలు. పరీక్షకు ముందు జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు రెండు మూడు రోజులు ఆపండి. అవి కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తాయి.

ఇప్పుడు అడ్రినల్. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులివి. ఒంటికి బీపీనీ ఒత్తిడినీ తట్టుకునే బలమిచ్చే కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. పనిఒత్తిడికి ఇవి "అలసిపోతాయి" అనే జబ్బు వైద్యశాస్త్రంలో లేదు. అలసట నిజం, ఆ పేరు మాత్రం అబద్ధం. ఆ పేరు మీద అమ్మే పొడులు, గుళికలు వద్దనడానికి నాకు గట్టి కారణముంది. అలాంటివాటిని పరీక్షించినప్పుడు కొన్నింటిలో థైరాయిడ్ హార్మోను, కొన్నింటిలో స్టెరాయిడ్లు, అంటే కార్టిసాల్ పని చేసే మందులు, దొరికాయి. అడ్రినల్‌ను బలపరుస్తానన్న పొడి కొన్ని నెలల్లో ఆ గ్రంథిని నిద్రపుచ్చగలదు.

కానీ అడ్రినల్ నిజంగా దెబ్బతినడం వేరు. అప్పుడు థైరాయిడ్ మాత్ర ప్రాణం మీదికి తెస్తుంది. థైరాక్సిన్ ఒంట్లో ఉన్న కార్టిసాల్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. ఆరోగ్యమైన అడ్రినల్ ఆ లోటును వెంటనే పూడుస్తుంది. దెబ్బతిన్నది పూడ్చలేదు. మన దగ్గర బోరులో నీళ్లు అడుగంటినప్పుడు పెద్ద మోటారు దించితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. అచ్చంపేట వైపు నుంచి నలభై దాటిన ఒకావిడను భర్త వెంటబెట్టుకొచ్చాడు. నీరసం, చలి, ముఖం ఉబ్బు, బీపీ 90. టీ4 బాగా తక్కువ. టీఎస్‌హెచ్ 3 చిల్లర. టీఎస్‌హెచ్ మామూలుగా ఉందే అని ఆగి ఆలోచించాల్సిన చోట నేను ఆగలేదు. 100 మైక్రోగ్రాములు రాసి పంపాను. తొమ్మిదో రోజు ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. వాంతులు, బీపీ అందడం లేదు. సెలైన్, 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించాక గంటన్నరకు కళ్లు తెరిచింది. అప్పుడు అడిగాను, కాన్పుల గురించి. చివరి కాన్పులో విపరీతంగా రక్తం పోయిందట, మూడు సీసాలు ఎక్కించారట. బిడ్డకు పాలు పడలేదు. తర్వాత నెలసరి మళ్లీ రాలేదు. పదకొండేళ్లుగా అదే నీరసం. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కాన్పులో రక్తం పోయి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చచ్చుబడితే థైరాయిడ్‌కూ అడ్రినల్‌కూ ఆజ్ఞలిచ్చేవాళ్లు ఉండరు. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఇందులో టీఎస్‌హెచ్ చూసి మోతాదు నిర్ణయించకూడదు, ఫ్రీ టీ4 చూసి నిర్ణయించాలి. ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. ఆ రోజు నుంచి థైరాయిడ్ కోసం వచ్చిన ప్రతి స్త్రీని కాన్పులో రక్తం పోయిందా, పాలు పడ్డాయా అని అడుగుతున్నాను.

అడ్రినల్ దెబ్బతినే రెండో రకం మన నల్గొండ జిల్లాకు బాగా తెలిసినదే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన తరం మర్రిగూడ వైపు ఇంకా ఉంది. మోకాళ్ల నొప్పికి పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో చాలాసార్లు డెక్సామెథసోన్ లేదా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో లేచి నడుస్తారు, ఏళ్ల తరబడి వాడతారు. ముఖం గుండ్రంగా అవుతుంది, చర్మం కమిలిపోతుంది, లోపల అడ్రినల్ పని మానేస్తుంది. ఏదో ఒక రోజు పొట్లం దొరకదు, లేదా కొడుకు తిట్టి మాన్పిస్తాడు. వారంలో మంచం పడతారు. ఈ మనిషికి టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువుందని థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే పరిస్థితి విషమిస్తుంది. అందుకే నొప్పి మాత్రల పొట్లం తెచ్చి చూపించమని అడుగుతాను. పేర్లు చెప్పలేరు, పొట్లం చూపిస్తారు.

మూడోది అడిసన్ జబ్బు. థామస్ అడిసన్ 1855లో వర్ణించాడు. అడ్రినల్‌ను ఒంటి రక్షణ వ్యవస్థే తినేయడం వల్ల రావచ్చు, మన దేశంలో క్షయ వల్ల కూడా వస్తుంది. థైరాయిడ్ జబ్బుతో కలిసి ఉండే రకమూ ఉంది. కొన్ని గుర్తులు థైరాయిడ్ తగ్గినప్పటి గుర్తులకు వ్యతిరేకంగా ఉంటాయి. బరువు తగ్గుతుంది, పెరగదు. ఉప్పు మీద మనసు పోతుంది, అన్నంలో ఇంకా వేయమంటారు. అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడతాయి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. రక్తంలో సోడియం తగ్గి పొటాషియం పెరుగుతుంది. ఒక చిక్కు కూడా ఉంది. కార్టిసాల్ లేనప్పుడు టీఎస్‌హెచ్ తానుగా కొద్దిగా పెరుగుతుంది, స్టెరాయిడ్ ఇస్తే దిగిపోతుంది. కాబట్టి అలాంటివాళ్లలో టీఎస్‌హెచ్ 7, 8 ఉందని జీవితకాలం మాత్ర రాసేయకూడదు. కార్టిసాల్ సరిచేసి కొన్ని వారాలకు మళ్లీ చూడాలి.

అనుమానం ఉంటే ఉదయం ఎనిమిదికి కార్టిసాల్ పరీక్ష. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే జబ్బు దాదాపు ఖాయం. 18 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో వస్తే ఏసీటీహెచ్ (అడ్రినల్‌కు పిట్యూటరీ పంపే ఆజ్ఞ లాంటి హార్మోను) సూది వేసి చూసే పరీక్ష కావాలి. దానికి హైదరాబాద్‌లో నిమ్స్‌లోనో ఉస్మానియాలోనో ఎండోక్రైనాలజీ విభాగానికి వెళ్లండి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఈ అంకె లేనిపోని ఎత్తు చూపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి తీసిన కార్టిసాల్ తక్కువ వచ్చిందని ఏడ్చేవాళ్లను చూశాను, ఆ వేళకు అందరికీ తక్కువే. జబ్బు తేలితే హైడ్రోకార్టిసోన్ రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు విడతలుగా ఇచ్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర కొద్దికొద్దిగా మొదలుపెడతాం. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర మీద ఉన్న మనిషికి అడ్రినల్ జబ్బు బయటపడితే ఆ రోజే స్టెరాయిడ్ మొదలవ్వాలి. ఇంట్లో మాత్రను సగానికి విరవడం దానికి వైద్యం కాదు. జ్వరం, వాంతులు వస్తే స్టెరాయిడ్ మోతాదు రెట్టింపో మూడింతలో చేయాలి. మాత్ర కడుపులో నిలవకపోతే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, గుమ్మంలోనే "స్టెరాయిడ్ మీద ఉన్న మనిషి" అని చెప్పాలి.

మీ సంగతికి వస్తే, బరువు ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగిందన్నారు, బీపీ 130/88 అన్నారు. పొట్లం మాత్రలు వాడలేదు. ఇవి అడ్రినల్ జబ్బు వైపు చూపించడం లేదు. కాన్పుల గురించి మాత్రం రాయలేదు, అది నాకు కావాలి. అరచేతులు వెలుతురులో చూసుకోండి. రెండింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మీ డాక్టరు గారితో చెప్పి ఎనిమిది గంటల కార్టిసాల్ ఒకసారి చేయించండి. ఏమీ లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. పొడి డబ్బా తిరిగి ఇచ్చేయండి. మేనల్లుణ్ణి కోప్పడకండి, ఆ అబ్బాయి చదివాడు కనుకే మీరు ఈ ప్రశ్న అడిగారు.

మళ్లీ గర్భం దాల్చే ఆలోచన ఉంటే ఈ లెక్క మారిపోతుంది. గర్భం అని తెలిసిన రోజే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకుని డాక్టరును కలవాలి. సరిగ్గా ఆ సమయానికే ఆరోగ్య కేంద్రం నుంచి ఐరన్, కాల్షియం మాత్రలూ చేతికి వస్తాయి. అప్పుడు వేళల పట్టిక వంటింటి గోడకు అంటించుకోవాల్సిందే.

100 మైక్రోగ్రాములు అలాగే ఉంచి ఈ వేళల మార్పు మీ డాక్టరు గారికి చూపించండి. నెలకు హిమోగ్లోబిన్, ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్. రాసేటప్పుడు రిపోర్టులతో పాటు మాత్రల వేళలు, టీ వేళలు కూడా రాయండి. ఆదివారం బస్సు లేదు కనుక ఆ రోజు ఎన్నింటికి లేస్తున్నారో అది వేరుగా.